అబ్బాయి లెక్క

ఈ సంచికకు ఏదైనా వ్రాసి పంపవలసిందని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, ముప్ఫై అయిదేళ్ళ సర్వీసులో నేను విప్పి బిగించిన పంపుల గురించి వ్రాద్దామనే అనుకున్నాను. పుదుచ్చేరి కార్యాలయంలోని మిత్రులు ఒప్పుకోలేదు. "సార్, ఆ మూడు పైథాన్ల కథ వ్రాయండి" అన్నారు. పైథాన్ అంటే ఏమిటో నేటి పిల్లలకు చెప్పనక్కరలేదు, బళ్ళోనే నేర్చుకుంటున్నారు. నా ఈడువారి కోసం చెబుతున్నాను: అది ఒక కంప్యూటరు భాష. గీడో వాన్ రోసమ్ అనే డచ్ దేశస్థుడు 1991లో లోకానికి అందించాడు. ఆ పేరు కొండచిలువను చూసి పెట్టింది కాదు, మాంటీ పైథాన్ అనే ఆంగ్ల హాస్య బృందాన్ని తలచుకొని పెట్టింది. నాకు మాత్రం కొన్ని వారాల పాటు అది కొండచిలువగానే కనిపించింది.

యాభై తొమ్మిదో ఏట, విరమణకు ఏడాది ముందు, శాస్త్రీయ గణనకు కావలసిన సరంజామాను కంప్యూటరులో అమర్చుకోవలసిన అగత్యం నాకేమి వచ్చిందంటే, 1986 దసరా సెలవుల దాకా వెనక్కు వెళ్ళాలి.

మాది యానానికి ఎదురుగా, గోదావరి అవతలి ఒడ్డున ఉన్న పల్లెటూరు. నాన్నగారు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు. పంచాంగ గణితం ఆయనకు వృత్తి కాదు, వ్యసనం. ఆ ఏడు అక్టోబరు 17న, పౌర్ణమి రాత్రి, సంపూర్ణ చంద్రగ్రహణం. నాలుగు రోజులుగా వీధి అరుగు మీద కూర్చుని, పలక మీద వేసి చెరిపి, నిలిచిన అంకెలను నోటుపుస్తకంలోకి ఎక్కిస్తున్నారు. నేను అప్పుడు ఇంజనీరింగు మూడో సంవత్సరం. అంతకు ముందు టెర్ములోనే ఫోర్ట్రాన్ భాష నేర్చుకొని ఉన్నాను. నేర్చుకొని ఉన్నానని అనుకుంటున్నాను అనడం న్యాయం.

"నాన్నగారూ, మీకు నాలుగు రోజులు పట్టిన లెక్క మా కాలేజీ కంప్యూటరుకిస్తే నాలుగు నిమిషాల్లో చేసి పారేస్తుంది" అన్నాను.

అమ్మ వంటింటి గుమ్మంలోంచి నావైపు ఒక చూపు చూసింది. నాన్నగారికి మాత్రం కోపం రాలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అయితే చేయించుకురారా. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం" అన్నారు.

కాలేజీకి తిరిగి వెళ్ళి నిజంగానే మొదలుపెట్టాను. ఆనాటి పద్ధతి తెలియని వారికి ఒక మాట. ప్రోగ్రాములో ఒక్కొక్క పంక్తికి ఒక్కొక్క అట్టముక్క. దానిపై ఎనభై నిలువు వరుసలు. ఏడో వరుస నుంచి డెబ్బయి రెండో వరుస దాకానే ఫోర్ట్రాన్ వాక్యం ఉండాలి. వాక్యం తరువాతి కార్డుకు పొంగితే ఆ కార్డు ఆరో వరుసలో గుర్తు వేయాలి. కార్డుల కట్ట కిటికీలో ఇచ్చి వస్తే మర్నాడు ఫలితం చేతికందేది. నా కట్ట మొదటిసారి వరుస తప్పినందుకు తిరిగి వచ్చింది. రెండోసారి ఒక పదంలో అక్షరం తప్పినందుకు వచ్చింది. మూడోసారి తప్పులేమీ లేవు, సమాధానం సున్నా.

ఆ సున్నా దగ్గర కూర్చున్నప్పుడు తెలిసింది. చంద్రుడు ఫలానా వేళకు ఎక్కడ ఉంటాడో, ఎంత వేగంతో నడుస్తాడో, భూమి నీడ ఎంత వెడల్పో యంత్రానికి తెలియదు. చెప్పవలసినవాణ్ణి నేను, నాకూ తెలియదు. తెలిసినాయన అరుగు మీద ఉన్నారు. ఆయననే అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. "కంప్యూటరు టైము దొరకలేదు" అని కార్డు ముక్క వ్రాసి పడేశాను. అది అబద్ధం. నాన్నగారు ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. 2004లో ఆయన కాలం చేసేవరకూ నేనూ ఎత్తలేదు.

2025 వేసవిలో మా ఆవిడ పుట్టింటివారి పెళ్ళికి యానాం వెళ్ళింది. మా అన్నయ్యగారు పాత ఇల్లు ఖాళీ చేస్తూ, నావి అనుకున్న వస్తువులన్నీ ఒక సంచిలో వేసి ఆమె చేతికిచ్చారట. అందులో నాన్నగారి నోటుపుస్తకం ఉంది. 1986 అక్టోబరు పుట తీశాను. పెన్సిలుతో గీసిన పట్టిక. అడ్డ వరుసలు స్పర్శ, మధ్యకాలం, మోక్షం. నిలువు వరుసలు మూడు. మొదటిదానికి "గణితం" అని పేరు. కింద గడియలూ విగడియలూ. రెండోది "దృష్టం", ఆ రాత్రి డాబా ఎక్కి, చేతి గడియారం చూసి వ్రాసుకున్న వేళలు. మూడోదాని మీద "అబ్బాయి లెక్క" అని ఉంది. దాని కింద మూడు గళ్ళూ ఖాళీ.

మా ఆవిడతో ఏమీ అనలేదు. మర్నాడు అమ్మాయికి ఫోను చేసి, అటకెక్కిన దాని పాత లాప్‌టాప్ వాడుకోవచ్చా అని అడిగాను. "దానికేం నాన్నా, వాడుకోండి. అయినా ఇప్పుడు మీకెందుకు?" అంది. చూద్దామన్నాను. ఆఫీసు కంప్యూటరులో ఇటువంటివి దించుకోవడానికి అనుమతి ఉండదు, ఉండరాదు కూడా. కనుక ఈ యాగమంతా ఇంట్లోనే జరిగింది.

ఇక అమరిక సంగతి. నాకు కావలసినవి లెక్కకు మూడే: పైథాన్ భాష, అంకెల బారులను ఒక్క ఊపున గుణించి కూడగల నమ్‌పై అనే సాధనం, గ్రహాల స్థానాలు చెప్పే స్కైఫీల్డ్ అనే సాధనం. మూడూ ఉచితమే. కామాటి లేకుండా ఇల్లు కట్టుకోవచ్చన్నట్టుగా ఉంది మొదట్లో. లాప్‌టాప్ తెరిచి, నల్లని ఆదేశాల కిటికీలో "పైథాన్" అని కొట్టగానే మైక్రోసాఫ్ట్ వారి దుకాణం దానంతట అదే తెరుచుకొని, ఇదిగో పైథాన్, పుచ్చుకో అంది. పుచ్చుకున్నాను. తరువాత ఒక పుస్తకంలో పైథాన్‌ను దాని సొంత స్థలం నుంచే దించుకోవాలని చదివి, అక్కడి నుంచీ దించాను. అమర్చేటప్పుడు అడుగున ఒక చిన్న గడిలో టిక్కు పెట్టమని అడుగుతుంది. పెట్టకపోతే పైథాన్ ఎక్కడ ఉందో యంత్రానికి తెలియదు. చిన్న అక్షరాలు చదివే అలవాటు నాకు బీమా పత్రాల దగ్గరే లేదు, ఇక్కడెక్కడిది? పెట్టలేదు. ఆపైన ఒక మిత్రుడు, ఇవన్నీ ఎందుకండీ, అనకొండ తీసుకోండి, శాస్త్రీయ సాధనాలన్నీ ఒకే మూటలో వస్తాయన్నాడు. 2012 నుంచి ఉన్న మూట అది. ఆయన సలహా మంచిదే. మిగతా రెండూ తీసివేసి చేయవలసింది. నేను వాటిపైనే చేశాను.

అదికాక, నా దగ్గరున్న పాత పుస్తకం రెండో పైథాన్‌ది. అందులో ముద్రించమనే ఆదేశానికి కుండలీకరణాలు అవసరం లేదు; మూడో పైథాన్‌లో అవి లేకపోతే మొదటి పంక్తిలోనే తప్పు. రెండో పైథాన్‌కు 2020 జనవరి 1తో ఆలనాపాలనా ఆగిపోయిందని నాకెవరూ చెప్పలేదు. ఈ ఒక్క ముక్క తెలియడానికి రెండు సాయంకాలాలు ఖర్చయ్యాయి.

సరే, స్కైఫీల్డ్‌ను దించుకున్నాను. విజయవంతంగా అమరినదని తెర మీద కనబడింది. ప్రోగ్రాము నడిపితే "స్కైఫీల్డ్ అనే మాడ్యూలు లేదు" అంది. మళ్ళీ దించబోతే "అది ఇదివరకే ఉంది" అంది. నడిపితే లేదు, దించితే ఉంది. చంకలో బిడ్డను పెట్టుకొని సంతంతా వెతకడమంటే ఇదే గదా అనిపించింది. మా ఆఫీసులో కొత్తగా చేరిన ట్రైనీ ఒకడున్నాడు, ఈ ఊరివాడే, తమిళ కుర్రవాడు. భోజన విరామంలో వాడితో గోడు వెళ్ళబోసుకుంటే, అన్నం కలుపుతున్న చేయి ఆపి ఒకే ప్రశ్న వేశాడు.

"ఎంద పైథాన్ సార్?"

ఏ పైథాన్ అంటే ఏమి చెప్పను? పైథాన్ అంటే పైథానే! ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, ఏదో ఆదేశమిచ్చి చూపించాడు. యంత్రంలో మూడు చోట్ల మూడు పైథాన్లు కాపురం ఉంటున్నాయి. నేను సరుకు దింపుతున్నది ఒకదాని ఇంట్లో, వంట చేయమంటున్నది ఇంకొకదాన్ని. రెండింటిని తీసివేసి, మిగిలిన ఒకదానితో నా గ్రహణం పనికి మాత్రమే ప్రత్యేకంగా ఒక అర ఏర్పాటు చేశాడు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అంటారట. ఆ అరలోకి దించినవి దానికే చెందుతాయి. బయట ఎన్ని మారినా లోపల మారవు. లోపలిది పాడైతే ఆ అర ఒక్కదాన్నీ చెరిపివేసి మళ్ళీ కట్టుకోవచ్చు. ఇదంతా వాడు ఇంగ్లీషులో వివరించబోతే మా ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది: "మడి కట్టుకోవడం." నాకు ఇంతకంటె బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు. కుర్రవాడికి ఆ మాట నచ్చి, ఇప్పుడు ఆఫీసులో "సార్, మడిలో ఉన్నారా?" అని అడుగుతుంటాడు. తెలియనివాళ్ళు వింతగా చూస్తారు.

మడి కట్టుకున్నాక కూడా ఒక రోజు పోయింది. నా ప్రోగ్రాముకు పేరు పెట్టాలి గదా, స్కైఫీల్డ్ పనే గనుక ఆ దస్త్రానికి కూడా "స్కైఫీల్డ్" అనే పేరు పెట్టాను. నడిపితే "స్కైఫీల్డ్ ఒక ప్యాకేజీ కాదు" అంది. నిన్న ఉన్నది ఈ రోజు కాకుండా పోవడమేమిటి? తీరా చూస్తే, పైథాన్ ముందు మన ఫోల్డరులోనే వెతుకుతుందట. అసలు స్కైఫీల్డ్ కోసం పిలిస్తే, అదే పేరుతో గుమ్మంలో నిలుచున్న నా దస్త్రం పలికింది. ఇంటి పేరూ మనిషి పేరూ ఒకటైన ఇద్దరికి ఒకరి ఉత్తరం ఇంకొకరికి అందడం మనకు తెలియనిదా? పేరు మార్చాను. నడిచింది.

ఈ పనులు జరుగుతుండగానే సెప్టెంబరు దగ్గరపడింది. 2025 సెప్టెంబరు 7న, ఆదివారం, దేశమంతటా కనిపించే సంపూర్ణ చంద్రగ్రహణం. 1986 జోలికి వెళ్ళేముందు దీనితో చేయి తిప్పుకుందామని స్కైఫీల్డ్‌ను అడిగాను. గ్రహణ మధ్యకాలం 18 గంటల 12 నిమిషాలని చెప్పింది. ఆనందం పట్టలేక ఆఫీసులో నలుగురికీ చెప్పేశాను: చంద్రుడు ఉదయిస్తూనే ఎర్రగా ఉంటాడు, సాయంత్రం ఆరింటికల్లా సముద్రపు ఒడ్డుకు రండి అని. ఇంటికి వచ్చి మా ఆవిడకూ చెప్పాను. ఆమె గోడకున్న తెలుగు కాలెండరు దగ్గరికి వెళ్ళి చదివింది. "స్పర్శ రాత్రి 9.57 అని ఉందండీ. మీ కంప్యూటరుకు ఆకలి తొందరేమో."

స్కైఫీల్డ్ చెప్పింది గ్రీనిచ్ కాలమానం. మనం దానికి అయిదున్నర గంటలు ముందు. 18.12కు అయిదున్నర కలిపితే రాత్రి 11.42. నలుగురికీ మళ్ళీ ఫోన్లు చేసి చెప్పుకోవలసి వచ్చింది. ఒకాయన ఇప్పటికీ నన్ను "ఆరింటి గ్రహణం గారూ" అనే పిలుస్తున్నారు.

అక్కడితో ఆగి ఉంటే ఆటబొమ్మ తిప్పినట్టే. స్పర్శ వేళ నా అంతట నేను కట్టాలనిపించింది. కట్టే పద్ధతి వినడానికి తేలిక. సూర్యుడికి సరిగ్గా ఎదురుదిక్కున భూమి నీడ ఉంటుంది. ఆ నీడ మధ్యబిందువుకూ చంద్రబింబ మధ్యానికీ ఉన్న కోణం తగ్గుతూ తగ్గుతూ, నీడ వ్యాసార్ధం, చంద్రుని వ్యాసార్ధం కలిపినంత అయిన క్షణమే స్పర్శ. అది కట్టితే 9.59 వచ్చింది; కాలెండరులో 9.57. రెండు నిమిషాలు. పంపులవాడికి రెండు మిల్లీమీటర్ల తేడా కనబడితే నిద్ర పట్టదు; ఇదీ అంతే. వారం వెతికాక దొరికిన కారణం ఇది: భూమి చుట్టూ ఉన్న వాతావరణం వల్ల నీడ, రేఖాగణితం చెప్పినదానికంటె సుమారు రెండు శాతం పెద్దదిగా పడుతుంది. ఆ రెండు శాతం కలపగానే 9.57 వచ్చి కూర్చుంది.

అప్పుడే ఇంకొకటి కూడా గమనించాను. స్కైఫీల్డ్ తనంతట తాను చంద్రుడి స్థానాన్ని సృష్టించడం లేదు. మొదటిసారి నడిపినప్పుడు డీఈ 421 అనే దస్త్రాన్ని దించుకుంది. పదిహేడు మెగాబైట్లు. అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ వారు అనేక దశాబ్దాల పరిశీలనలను మథించి కట్టిన అంకెల పట్టిక అది. 1900 నుంచి 2050 దాకా గ్రహచారమంతా అందులో గుణకాల రూపంలో ఉంది. స్కైఫీల్డ్ చేసేది ఆ పట్టికను తెరిచి, అడిగిన వేళకు చదివి, కూడి చెప్పడం. అరుగు మీద నాన్నగారు చేసిందీ అదే. ఆయనకు పట్టికలు కంఠతా ఉండేవి. 1986లో కంప్యూటరు దానంతట అదే చేస్తుందనుకున్న అబ్బాయికి ఈ సంగతి తెలిసి ఉంటే అంత మాట అనేవాడు కాడు.

పుదుచ్చేరిలో కాపురముంటూ గ్రహణాల గురించి చదవబోయేవాడికి ఇద్దరు తప్పక తారసపడతారు. మొదటివాడు ల జాంటీ అనే ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు. శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోవడం చూద్దామని 1760లో ఫ్రాన్సు నుంచి ఈ ఊరికి బయలుదేరాడు. దారిలో ఉండగానే ఊరు ఆంగ్లేయుల వశమైంది. 1761 జూన్ 6న శుక్రుడు దాటే వేళకు ఆయన ఓడ మీద ఊగుతున్నాడు. ఊగే ఓడ మీద సూక్ష్మంగా కొలవడం సాధ్యం కాదు. ఎనిమిదేళ్ళకు మళ్ళీ అవకాశం. ఈలోగా ఊరు ఫ్రెంచివారికి తిరిగి వచ్చింది. 1768లో వచ్చి, పాడుబడిన గవర్నరు భవనం శిథిలాల మీద వేధశాల కట్టుకున్నాడు. మద్రాసులోని ఆంగ్లేయులే ఒక దూరదర్శిని ఎరువిచ్చారు. అన్నీ అమర్చుకొని ఏడాది పైగా కాచుకున్నాడు. 1769 జూన్ 4 తెల్లవారుజామున మబ్బు పట్టింది. శుక్రుడు దాటిపోయాక ఎండ కాసింది. 1771లో స్వదేశం చేరేసరికి, చనిపోయాడనుకొని వారసులు ఆస్తి పంచుకొనే ప్రయత్నంలో ఉన్నారు. సాధనాలు అమర్చుకోవడంలో నా కష్టాలు చెప్పుకోబోయినప్పుడల్లా ఈయన గుర్తుకు వచ్చి నోరు మూసుకుంటాను.

రెండోవాడి కథ నన్ను మరింత పట్టుకుంది. మద్రాసు వేధశాలలో పనిచేసిన జాన్ వారెన్ 1825లో "కాలసంకలిత" అనే పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఈ ఊరిలో పంచాంగం కట్టే ఒక తమిళుణ్ణి కలిసి, ఆ సంవత్సరం మే 31, జూన్ 1ల నడిమి రాత్రి చంద్రగ్రహణాన్ని తన ఎదుట గుణించమన్నాడట. ఆ గణకుడు కాగితం ముట్టలేదు. నేల మీద గవ్వలు పరిచి, జరిపి, తీసి, పెట్టి గుణించాడు. పట్టికలన్నీ నోటికి వచ్చు. అవి వాక్యాల రూపంలో ఉంటాయి. వాక్యంలోని ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క అంకెకు గుర్తు. మన కటపయాది పద్ధతే. చంద్రవాక్యాలు 248. అన్ని రోజులలో చంద్రుడు తన దూరపు బిందువు నుంచి బయలుదేరి సుమారు తొమ్మిది చుట్లు పూర్తి చేస్తాడు గనుక, 249వ రోజుకు మళ్ళీ మొదటి వాక్యంతో ఆరంభించవచ్చు. ఈ లెక్కను ఒట్టో నాయిగెబావర్ అనే గణితచరిత్రకారుడు 1952లో పరిశీలించాడు. గణకుడు చెప్పిన ఆరంభానికి నాలుగు నిమిషాలు, మధ్యానికి ఇరవై మూడు, ముగింపుకు యాభై రెండు నిమిషాల తేడా వచ్చింది.

వారెన్ ఆ మనిషి జ్ఞాపకశక్తిని మెచ్చుకుంటూనే, సిద్ధాంతం మాత్రం అతనికి బొత్తిగా తెలియదని వ్రాశాడు. చదివి పుస్తకం మూసేశాను. పుస్తకంలోని పంక్తులు చూసి కొట్టి, 18.12 అని రాగానే ఊరందరికీ చెప్పుకున్న నాకు సిద్ధాంతం తెలుసునా? ఆ గణకుడు కనీసం గవ్వలు తన చేత్తో జరిపాడు. ఆయన 1825 గ్రహణాన్ని నేనూ గుణిద్దామని కూర్చుంటే నా పట్టిక మొరాయించింది. 1900కు ముందు దానికి నోరు లేదు. 1550 నుంచి 2650 దాకా చెప్పగల డీఈ 440 అనే పట్టిక వేరే ఉంది, నూటపదునాలుగు మెగాబైట్లు. అది దించి నడిపాను. ఆ వివరం ఇంకొకసారి.

సెప్టెంబరు 7 రాత్రి మా ఆవిడ పెందలాడే భోజనాలు ముగించి, ఆవకాయ జాడీ మీదా పెరుగు గిన్నె మీదా దర్భలు వేసింది. నేను ఈ విషయంలో వాదించడం మానేసి చాలా కాలమైంది. ఇద్దరమూ నడుచుకుంటూ గాంధీ విగ్రహం దగ్గరికి చేరాం. సాయంత్రం నుంచి ఆ బీచి రోడ్డు మీద వాహనాలను రానివ్వరు గనుక జనమంతా రోడ్డు మీదే కూర్చుని ఉన్నారు. తొమ్మిదిన్నరకు మబ్బు. ల జాంటీ మహాశయుణ్ణి తలచుకున్నాను. 9.57 మబ్బులోనే గడిచిపోయింది. పది దాటాక తెర చీలినట్టయి, ఎడమ అంచు కరిగిన చంద్రుడు బయటపడ్డాడు. పదకొండు దాటాక కాలిన ఇటుక రంగు. ట్రైనీ కుర్రవాడు వాళ్ళ అమ్మను వెంటబెట్టుకు వచ్చాడు. ఆమె నాకేసి చూసి, తమిళంలో, "వేళ సరిగ్గా చెప్పారు" అంది. కాలెండరు చెప్పిందమ్మా అన్నాను.

ఆ వారాంతంలో 1986 పుట ముందు కూర్చున్నాను. చంద్రగ్రహణ స్పర్శ భూమి మీద అందరికీ ఒకే క్షణం. ఊరు మారితే గడియారం మారుతుందే గాని క్షణం మారదు. కనుక నా వైపు లెక్క సులువుగానే తెమిలింది: రాత్రి 10.59. నాన్నగారి లెక్కను గంటల్లోకి మార్చడమే పని. "గణితం" కింద స్పర్శకు 43 గడియల 10 విగడియలని ఉంది. గడియకు ఇరవై నాలుగు నిమిషాలు, విగడియకు ఇరవై నాలుగు సెకన్లు. వెరసి సూర్యోదయం నుంచి 17 గంటల 16 నిమిషాలు. ఆనాటి సూర్యోదయం ప్రోగ్రాము చేతనే కట్టించి కలిపితే 11.16 వచ్చింది. పదిహేడు నిమిషాలు తప్పు!

నిజం చెబుతున్నాను, మనసుకు కష్టం వేసింది. పక్కనే "దృష్టం" కింద 11.01 అని ఆయన చేత్తో వ్రాసుకున్నదే ఉంది. ఆయనకూ తెలుసన్నమాట. పుస్తకం మూసి బయట తిరిగి వచ్చి, మళ్ళీ ప్రోగ్రాము మొదటి నుంచి చదివాను. సూర్యోదయం కట్టించిన ఊరు పుదుచ్చేరి. సెప్టెంబరు గ్రహణానికి వ్రాసిన అక్షాంశ రేఖాంశాలను మార్చకుండా అలాగే ఉంచేశాను. మనది 79.83 డిగ్రీల తూర్పు రేఖాంశం, యానానిది 82.21. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ యానానికి అతి చేరువగా పోతుంది. రెండూ ఒకే కేంద్రపాలిత ప్రాంతమైనా సూర్యుడు ఆ సంగతి పట్టించుకోడు. అక్టోబరు మధ్యలో అక్కడ ఇక్కడికంటె సుమారు ఆరు నిమిషాల ముందే ఉదయిస్తాడు. ఊరు మార్చి నడిపితే నాన్నగారి స్పర్శ 11.10 అయింది.

అంటే ఆయన తప్పు పదకొండు నిమిషాలు. మిగిలిన ఆరూ నావి.

మోక్షం వరుస కూడా మార్చి చూశాను. స్పర్శ ఆలస్యంగా వస్తే, మోక్షం త్వరగా వచ్చింది; మధ్యకాలం నాలుగు నిమిషాల్లో కుదిరింది. రెండు కొసలూ లోపలికి జరిగాయంటే నీడను చిన్నదిగా తీసుకొని ఉంటారు. సెప్టెంబరు లెక్కలో నేను మొదట చేసిన పొరపాటూ అదే జాతిది. ఆయన ఎదుటే ఉంటే ఈ ముక్క మీద మధ్యాహ్నం దాకా కూర్చునేవాళ్ళం. ఆ రెండు శాతం సంగతి విని, ముందు ఒప్పుకొనేవారు కారు.

మూడు ఖాళీ గళ్ళూ పూరించాను. భుజం మీదుగా చూస్తున్న మా ఆవిడ, "పెన్నుతో రాయకూడదూ, చెరిగిపోతుందేమో" అంది. పెన్సిలే ఉండనిమ్మన్నాను. నీడకు రెండు శాతం కలపడమనేది ఒక్కొక్క గ్రంథంలో ఒక్కొక్క విధంగా ఉంది. ఇంకొక పద్ధతిలో కట్టితే నిమిషం అటూ ఇటూ కావచ్చు. ఆ పద్ధతి నేనింకా చదవవలసి ఉంది.